నలభై ఆరు మూరల దండ

సారు పోయారన్న సంగతి నాకు చెప్పింది కొండ. ఆ పిల్ల అసలు పేరు వేరే. మా పాపతో కలిసి పెనుకొండ హైస్కూల్లో చదువుకుంది, ఇప్పుడు హిందూపురంలో టీచరు. కొండ అన్న పేరు ఎందుకొచ్చిందో తర్వాత చెబుతాను. పొద్దున గుడిలో పూలు ఇచ్చి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఫోను మోగింది.

"అత్తా, సారు పోయినారు. కాఫీ తాగి, పేపరు చేతిలో పెట్టుకోని, కూర్చున్నోళ్ళు కూర్చున్నట్లే."

చెంబు చేతిలోనే ఉంది. "ఎప్పుడు తీసుకపోతారంట?" అని మాత్రం అడగగలిగాను.

పదిహేను రోజుల తర్వాత కొండ మా ఇంటికే వచ్చింది. సారు దగ్గర చదివిన వాళ్ళంతా కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. "నువ్వూ నాలుగు మాటలు రాయాల అత్తా. సారుకు దండ కట్టిచ్చినదానివి నువ్వే కదా" అంది. ఆ నాలుగు మాటలు వేరే కాగితం మీద రాసి పెట్టాను. సారు నెమ్మదస్తులని, పిల్లల్ని ఎన్నడూ కొట్టలేదని, ఆయన ఆత్మకు శాంతి కలగాలని. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ రాసి చదువుకుంటే నాకే సిగ్గేసింది. నా చదువు పదో తరగతితో ఆగింది, ఉత్తరాలు తప్ప ఏదీ రాసిన అలవాటు లేదు. అయినా ఈ కాగితాలు రాస్తున్నాను. సారుకు నోటితో చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్ళు నా నోట్లోనే ఉండిపోయింది. వినాల్సిన మనిషి వెళ్ళిపోయాక కాగితం తప్ప నాకేం మిగిలింది?

సారు మా ఊరికి సైన్సు టీచరుగా వచ్చారు. సొంత ఊరు ధర్మవరం, నేతవాళ్ళ ఇల్లు. "మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని చదువుకున్నోణ్ణి" అని చెప్పుకునేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలుండేవి, ఆదివారం కూడా. దారిలో పెద్ద రాయి కనబడితే ఊరికే దాటి పోయేవారు కాదు. అరచెయ్యి ఆనించి, "ఏం పెద్దాయనా, ఎండెక్కిందా?" అని పలకరించేవారు. పిచ్చి సారు అని కొందరు నవ్వుకునేవాళ్ళు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మా ఇంట్లో మా అవ్వ కాలం నుంచి వీధి చివర ఆంజనేయస్వామికి పూలు కట్టేది మేమే. ఒక సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని కనకాంబరాలు కడుతుంటే సారు వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, నలభై ఆరు మూర్ల దండొకటి కట్టిస్తావా?"

"అంత పొడుగు ఏ దేవుడికి సార్? తేరుకా?"

"భూమికి."

"యాడ తీసుకున్నారు సార్ సైటు? శంకుస్థాపన ఎప్పుడు?"

సారు నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సైటు కాదమ్మా. మొత్తం భూమికి. పిల్లలకు పాఠం చెప్పేదానికి."

"మీ మూరా, నా మూరా?"

"నీ మూరే. పూలమ్మే వాళ్ళ మూర పొట్టిదంటారు గానీ, నాకేం పర్వాలేదులే."

"నా మూర పొట్టిదని ఎవురన్నారు సార్? పిలిపియ్యండి వాళ్ళను!"

"ఎవురూ అనలేదు తల్లీ, నేనే అన్నా" అంటూ ఒక కాగితం ఇచ్చి వెళ్ళారు. ఏ మూరలో ఏం రావాలో అందులో రాసి ఉంది. చూస్తే దాదాపు అంతా ఖాళీ, ఖాళీ అనే ఉంది. పూలు రావాల్సింది చివరి మూరంబావు మాత్రమే. మగవాళ్ళకు దండ సంగతేం తెలుసు అనుకున్నాను. పూలు లేని నారను మేము దండ అనము. గుడికిచ్చే దండలో వేలెడు ఖాళీ వచ్చినా మా అవ్వ విప్పించి మళ్ళీ కట్టించేది. అందుకే ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టేసి, నేనూ మా పాపా ఒకటిన్నర రోజు కూర్చుని, నలభై ఆరు మూరలూ ఒక్క సందు లేకుండా కనకాంబరాలు కట్టాము. పాప అప్పుడు ఏడో తరగతి. దాని వేళ్ళు నా కంటే చురుకు.

సారు వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యో తల్లీ! భూమి పుట్టిన రోజే కనకాంబరాలు పూయించినావే!"

పాప పకపకా నవ్వింది. నాకు కోపం వచ్చింది. సారు అరుగు మీద కూర్చుని దండ మొదలు చేతికి తీసుకున్నారు.

"నీ మూర ఒకటి పది కోట్ల ఏండ్లమ్మా. మోచేతి కాడి నుంచి నడివేలి కొన దాకా, పది కోట్లు. ఈ మొదటి మూర్లు ఉత్త నిప్పు. తర్వాత వాన, ఎడతెగని వాన. ఇదో, ఈ పదకొండో మూర కాడ నీళ్ళలో కంటికి కనపడని జీవం. అది అట్లే, బురదలో బురద మాదిరి, నలభయ్యో మూర దాకా. ఆ తర్వాత చేపలు. నలభై రెండులో నేల మీద పచ్చదనం. నలభై నాలుగో మూరలో ఒకసారి శానా మటుకు అన్నీ చచ్చిపోయినాయి. మిగిలిన వాటిల్లో నుంచి రాక్షసబల్లులు వచ్చినాయి, అవీ కడపటి మూర్లో పోయినాయి. పువ్వనేది పూసింది నలభై అయిదో మూరలో. అంతకు ముందు ఈ భూమ్మీద ఒక్క పువ్వు లేదు తల్లీ."

పుట్టినప్పటి నుంచి పూల మధ్య పెరిగినదాన్ని. పూలు లేని కాలం ఒకటి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. "మరి అన్నాళ్ళు దేవుడికేం పెట్టేవాళ్ళు సార్?" అని అడిగాను.

ఇంకొకరైతే నవ్వేవాళ్ళు. సారు నవ్వలేదు. దండను చేత్తో తడుముతూ, "పెట్టేవాళ్ళే లేరు కదమ్మా. ఆయనే కాచుకోనుండాడు" అన్నారు.

"ఇదంతా చూసిందెవురు సార్?" అని పాప అడిగింది.

"రాళ్ళు చూసినాయి పాపా. రాళ్ళలో రాసుండాది. మధ్య మధ్యలో చినిగిపోయి ఉండాది, ఆడ ఏం జరిగిందో ఎవురికీ తెలీదు."

"తెలీని చోట ఏం కట్టాల?"

"ఏమీ కట్టకూడదు. ఖాళీగా ఇడిసిపెట్టాల. తెలీని చోట పూలు కడితే దండ బాగుంటాది గానీ, అబద్ధమవుతాది."

ఆ రోజు నలభై నాలుగు మూరలకు పైగా పూలు విప్పాము. అవన్నీ స్వామికే చేరాయి. ఎవరింట్లో పెళ్ళి అని పూజారి అడిగాడు.

మరునాడు బడి ఆవరణలో పిల్లల్ని వరసగా నిలబెట్టి మూరకొకరి చేతికి ఆ నార ఇచ్చారు. చూద్దామని నేనూ వెళ్ళాను. మొదట్లో నిలబడ్డ పిల్లలు ఒకటే గొణుగుడు. "సార్, మా మూర్లో ఏమీ లేదు, ఊరికే ఎండలో నిలబడుకోవాలా?"

"మీ మూర్లో వాన పడతాంది. తడుస్తా నిలబడండి" అన్నారు సారు.

ఇరవై ఒకటో మూర పట్టుకున్న పిల్ల దగ్గర ఆగి, పెనుకొండ కొండను చూపించి, "ఇదో, ఈయన పుట్టింది ఈ పిల్ల చేతిలో. ఈయనలో ఎంత తవ్వినా ఎముక దొరకదు. ఎముకలనేవి లేనప్పటి రాయి ఈయన" అన్నారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు కొండ అయింది. నలభై నాలుగు, నలభై అయిదు పట్టుకున్న వాళ్ళను బడంతా బల్లీ, బల్లీ అని ఏడిపించేవాళ్ళు.

పొట్టిదని మా పాపను చివర నిలబెట్టారు. పూలున్న కొస దాని చేతిలోనే ఉంది. సారు దాని బొటనవేలు పైకెత్తి చూపించి, "మనుషులంతా ఈ గోరు మందం. అంతే" అన్నారు. దాంతో మా పాప గోరు అయింది. ఇంటికొచ్చి గోరును దీపం వైపు తిప్పి తిప్పి చూసుకుని, "అమ్మా, కోట కట్టిన రాజులు, వాళ్ళ ఏనుగులు, మన అవ్వ, నాయన, నువ్వు, అందురూ దీంట్లోనేనంట. బాగా తోముకోవాల" అంది. మా ఆయన నవ్వాపుకోలేకపోయారు.

మూడేళ్ళు అలా ఏడాదికొకసారి ఆ దండ కట్టాను. నార నానబెట్టి, గోటితో చీల్చి, ఒక్కో మూరకు ఒక ముడి. ఖాళీ నార కొలిచేటప్పుడు మొదట్లో చెయ్యి పూల గంప వైపే పోయేది. పోను పోను ఆ ఖాళీ మీదే భక్తి కలిగింది. అన్ని మూరలు కాచుకున్న స్వామి చివరి మూరంబావు పూల కోసం ఎంత ఓపిక పట్టాడో అనుకుంటూ కట్టేదాన్ని. గుడిలో పురాణం విన్నప్పుడు కూడా నాకు అంత నెమ్మది దొరకలేదు. ఆ నెమ్మది ఇచ్చింది సారే. దానికి ఆయనకు దండం పెట్టుకోవాల్సింది.

మూడో ఏడు పాప తొమ్మిదో తరగతి. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది. దండ పట్టుకుని నిలబడి వచ్చింది, తల నొప్పిగా ఉందంది. సాయంత్రానికి జ్వరం. మా ఊరి ఆస్పత్రి, తర్వాత హిందూపురం, తర్వాత అనంతపురం. మెదడుకెక్కిన జ్వరం అన్నారు. ఎందుకొచ్చింది డాక్టరుగారూ అంటే, చెప్పలేమమ్మా అన్నారు. నాలుగో రోజు అది నా చేతుల్లో లేదు.

చెప్పలేమమ్మా అన్న ఆ మాటను నేను భరించలేకపోయాను. వీధిలో ఒక ముసలామె అంది, "పూలు లేని నార పాడెకు గదా కట్టేది. బిడ్డ చేతికి అది ఇచ్చి ఎండలో నిలబెడితే ఉంటాదా?" ఆమె ఊరికే నోటికొచ్చింది అంది. నేను దాన్ని పట్టుకున్నాను. పట్టుకోవడానికి నాకు ఏదో ఒకటి కావాల్సి వచ్చింది.

పాప పోయిన మూడో రోజు సారు వచ్చారు. చెప్పులు మెట్టు కింద విడిచి, అరుగు మీద, దండ కోసం వచ్చినప్పుడు కూర్చునే చోటే కూర్చున్నారు. వీధిలో వాళ్ళంతా ఉన్నారు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను, పూజారి కూడా నా మాట వినపడక మళ్ళీ అడుగుతారు. ఆ రోజు నా గొంతు వీధి చివరికి వినబడిందట.

"మనుషులంతా గోరు మందమంటిరే. దాంట్లో నా బిడ్డ యాడుండాది సార్? చూపియ్యండి."

సారు తల ఎత్తలేదు.

"నా బిడ్డ చేతికి పాడె నార ఇచ్చినారు. మీరే పోగొట్టినారు దాన్ని."

సారు లేచి నిలబడ్డారు. చెప్పులు అక్కడే మరచి, ఉత్త కాళ్ళతో ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయారు. రెండు రోజులు ఆ చెప్పులు మా మెట్టు కిందే ఉన్నాయి. మా ఆయన తీసుకుపోయి బడిలో ఇచ్చి వచ్చారు. "ఏమన్నారు?" అని అడిగాను. "ఏమీ అనలేదు, దండం పెట్టినారు" అన్నారు.

తెలియని చోట పూలు కట్టకూడదని ఆయన నాకు నేర్పారు. నా బిడ్డ ఎందుకు పోయిందో నాకు తెలియలేదు. ఆ ఖాళీ చోట నేను ఆయన్ను పెట్టి కట్టేశాను.

ఆ తర్వాతి ఏడు దండ అడగడానికి ఎవరూ రాలేదు. సారు హిందూపురానికి బదిలీ చేయించుకున్నారు. నాకు కోపం ఎప్పుడు తగ్గిందో చెప్పలేను. కోపం పోయిన చోటికి ఏమీ రాలేదు, అంతే. గుడికి పూలు మాత్రం మానలేదు. కడుతూనే స్వామిని అడిగేదాన్ని. నలభై నాలుగు మూరలు కాచుకున్నావు కదా స్వామీ, నా బిడ్డ పదో తరగతి పాసయ్యే దాకా కాచుకోలేకపోయావా అని. ఆయన ఇంతవరకు ఏమీ చెప్పలేదు. అడగడం కూడా ఈ మధ్య మానేశాను.

చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి ధర్మవరం స్టేషన్లో సారు కనబడ్డారు. ఒక పెళ్ళికి పూలు కట్టిచ్చి, మిగిలిన కనకాంబరాల గంపతో నేను బండి కోసం కూర్చున్నాను. జుట్టంతా నెరిసింది, జేబులో మాత్రం సుద్దముక్క కనబడుతూనే ఉంది. పక్కన వాళ్ళ ఇంటామె. నన్ను చూసి తిరిగి పోతారేమో అనుకున్నాను. నేరుగా వచ్చారు.

"ఏమ్మా, బాగుండావా? ఇంకా కడతాండావా?"

"కడతాండా సార్."

"మా ఇంటామెకు ఒక మూర ఇయ్యి."

నేను పూలు తీసి మోచేతి దగ్గర నుంచి నడివేలి దాకా కొలిచాను. సారు నా చేతినే చూస్తున్నారు. కొలవడం అయ్యాక, ఎవరికీ వినపడనంత మెల్లగా, "పది కోట్లు" అన్నారు. నవ్వబోయారు. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

అప్పుడు చెప్పాల్సింది. తప్పయిపోయింది సార్ అని రెండు మాటలు. నోటి దాకా వచ్చాయి. ఇంటామె పూలు తలలో పెట్టుకుంటూ, "ఎంత వత్తుగా కట్టినావు చెల్లీ" అంది. ఆమె ముందు ఎలా చెప్పేది అనిపించింది. బండి వచ్చింది. ఇంకోసారి చెప్పొచ్చులే అనుకుని ఎక్కేశాను. కిటికీలో నుంచి చూస్తే సారు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు, ఒక రాతి స్తంభానికి చెయ్యి ఆనించి.

పోయిన రోజు ఫోన్లోనే కొండ ఇంకో సంగతి చెప్పింది. హిందూపురంలో సారు మళ్ళీ ఎన్నడూ ఆ దండ కట్టించలేదట. పాఠం బోర్డు మీద చెప్పేవారట. "పెనుకొండలో మాకు దండ పట్టించినారు కదా సార్, ఈ పిల్లలకెందుకు పట్టియ్యరు అని నేను శానాసార్లు అడిగినా అత్తా. నార దొరకలేదు పాపా అనేవాళ్ళు."

హిందూపురంలో, మార్కెట్టు పక్క వీధిలో ఉంటూ, అరటి నార దొరకలేదన్నారు.

ఫోను పెట్టేశాక నేను చేసిన పని ఇది. ఒట్టి చేతులతో ఎలా పోవాలని, నార నీళ్ళలో వేశాను. నలభై ఆరు మూరలు కొలిచాను. నా చెయ్యి ఇప్పుడు సన్నబడింది, మూర మాత్రం అదే. నోటితో చెప్పలేకపోయిన మాట ఆయన పక్కన ఈ దండ పెడితే చెప్పినట్టే అనుకున్నాను. ముడికి ముడి వేస్తూ, చివరి మూరంబావు పూలు కడుతూ ఉంటే ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్క మూర పూలతో పరిగెత్తి ఉంటే ఆయన ముఖం చూసేదాన్ని. బస్సు దిగి ఆ వీధికి పోయేసరికి తీసుకుపోయారు. ఇల్లు కడుగుతున్నారు. వాకిట్లో నీళ్ళు, నీళ్ళలో తొక్కుళ్ళకు నలిగిన బంతి రెక్కలు.

ఇంటామె గోడకానుకుని కూర్చుని ఉంది. నా గంపలోకి చూసి నార కొస పట్టుకుంది. లాగే కొద్దీ వస్తూనే ఉంది, తడి నేల మీద, ఒళ్ళో, చుట్టలు చుట్టలుగా, ఖాళీ నార.

"ఇదేం చెల్లీ, ఇంత నార ఖాళీగా ఇడిసిపెట్టినావు?"

ఆయన ఆమెకు చెప్పలేదన్నమాట. దండ సంగతీ చెప్పలేదు, నా సంగతీ చెప్పలేదు. అన్నేళ్ళు ఒక ఇంట్లో ఉంటూ నా మాటను ఒక్కరే మోశారు. ఇప్పుడైనా నేను చెప్పొచ్చు. వినడానికి ఆమె ఉంది. నా ముఖంలోకే చూస్తోంది.

"పూలు చాల్లేదక్కా" అన్నాను.

ఆమె సరేనని తల ఊపింది. పూలున్న కొసను తెంపించి ఆయన ఫొటోకు వేయించింది. మిగిలిన నార నా గంపలో పెట్టి, "ఇది నువ్వే తీసుకుపో, దేనికన్నా పనికొస్తాది" అంది.

కొండా, ఆ నాలుగు మాటల కాగితం మీ పుస్తకంలో వేసుకోండి. ఈ కాగితాలు మాత్రం నీ దగ్గరే పెట్టుకో. అందులో వేయొద్దు, సారు ఇంటామెకు చూపించొద్దు, నేను పోయాక కూడా ఎవరికీ చదివి వినిపించొద్దు. ఒకచోట ఉన్నాయని నాకు తెలిస్తే చాలు. నువ్వు ఇరవై ఒకటో మూరవు, మోయగలవు.

ఆ నార వారం రోజులు మా దండెం మీద ఎండింది. ఎండాక పలచబడి, వెలుతురు పడితే తప్ప కనబడటం లేదు, గాలికి ముడులు మాత్రం ఒకదానికొకటి తగులుతుంటాయి. అందులో నుంచే ఒక మూర తెంపి ఈ కాగితాలకు చుట్టాను. పూలేమీ పెట్టలేదు.